‘ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్’ చదవబోయే వారికి

అహ్మద్ సాదావీ రాసిన ఈ ఇరాకీ నవల 2013లో అరబిక్‌లో వచ్చింది. నేను చదివింది జొనాథన్ రైట్ ఇంగ్లీషు అనువాదం. దీన్ని ఎవరికి ఇచ్చినా ఒక తెల్లకాగితం, పెన్సిలు కూడా చేతిలో పెడతాను. ఆ రెండూ మీరూ దగ్గర పెట్టుకోండి.

కథ జరిగేది 2005లో, అమెరికా సేనలు దిగిన రెండేళ్లకు. బాంబు దాడుల్లో తునాతునకలైన మనుషుల అవయవాలను బతావీన్ పేటలో పాత సామాన్లు అమ్ముకునే హాదీ ఏరి తెచ్చి, ఒక్క శవంగా కుడతాడు. ఎందుకు కుట్టాడన్న చోట తప్పకుండా ఆగండి. అతని స్నేహితుడు కారు బాంబుకు బలయ్యాడు. మార్చురీలో ఎవరి ముక్కలు ఎవరివో తెలియలేదు. ఇలా పోయినవాళ్లను చెత్తలా పారేయకుండా, మనుషుల్లా పాతిపెట్టాలన్నది హాదీ పంతం. 1818 నాటి మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో శాస్త్రవేత్త విక్టర్ ఇలాంటి శరీరానికే ప్రాణం పోయాలనుకున్నాడు, హాదీ అడిగింది సమాధి మాత్రమే. ఇది పట్టుకోకపోతే మిగతాదంతా ఉత్త రక్తపాతంలా అనిపిస్తుంది.

తర్వాత ఎలిష్వా ముసలమ్మ. ఈమె పేజీలు గట్టిగా, పైకి చదవండి. ఇరాన్ యుద్ధానికి వెళ్లిన కొడుకు దానియేల్ తిరిగి రాలేదు. ఖాళీ పెట్టెను పాతిపెట్టారు. అయినా ఆమె ఇరవయ్యేళ్లుగా సెయింట్ జార్జ్ పటంతో మాట్లాడుతూ ఎదురుచూస్తూనే ఉంది. పేలుడులో ఒళ్లే మిగలని హోటల్ కాపలాదారు ఆత్మ హాదీ కుట్టిన శవంలో దూరితే, దాన్ని ‘దానియేల్’ అని పిలిచి లేపేది ఈ తల్లే. నాకైతే నవలకు గుండె ఇక్కడే ఉంది.

వింత నేరాలను ఆరా తీసే ప్రభుత్వ విభాగం అధిపతి బ్రిగేడియర్ సరూర్, అతని జ్యోతిష్కులు వచ్చే భాగాలు మొదటిసారికి వేగంగా చదివినా నష్టం లేదు.

కాగితం పని ఇప్పుడు. లేచిన ఆ శవాన్ని నవలలో ‘షిస్ము’ అంటారు, అంటే ‘దాని పేరేదో’ అని. ఆ షిస్ము తన ఒంట్లోని ఒక్కొక్కరి తరఫునా పగ తీర్చుకుంటాడు. పగ తీరగానే ఆ భాగం కుళ్లిపోతుంది, కొత్త మాంసం కావాలి. ఏ భాగం రాలింది, దాని చోట ఎవరిది వచ్చింది అన్నది రాసుకుంటూ వెళ్లండి. నవల మధ్యలో అతను రికార్డర్‌లో చెప్పుకునే కథ దగ్గర ఈ జాబితా బాగా పనికొస్తుంది. నేరస్తుల మాంసం ఎప్పుడు చేరిందో అందులో తెలుస్తుంది.

తన కళ్లు పోతున్నాయని షిస్ము ఏ పాపం ఎరగని ఒక వృద్ధుణ్ణి చంపే ఘట్టం వస్తుంది. అక్కడ పుస్తకం మూయండి. నలుగురు కలిసి చదువుతుంటే, షిస్ము చెప్పుకున్న సమర్థనను ఎవరు ఒప్పుకుంటారో, ఎవరు ఒప్పుకోరో అడగండి. ఆ వాదన తేలేదాకా తర్వాతి పేజీ తిప్పకండి.