క్రాప్ సెన్సర్ కెమెరాకి తక్కువ ధరలో మాన్యువల్ వైడ్ లెన్స్: ఏది కొనాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి, వీపు గోడకి ఆనించి నిలబడినా గది ఫ్రేములో పట్టడం లేదా? ఎంత వైడ్ కావాలో ఊహించక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) వెడల్పు సుమారు 23.5 ఎంఎం, కానన్‌ది 22.3. ఎదుటి గోడ దూరాన్ని ఈ వెడల్పుతో హెచ్చించి ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసిన ఎంఎం అంకె) భాగిస్తే, ఎన్ని అడుగుల గోడ ఫ్రేములోకి వస్తుందో తెలుస్తుంది. 10 అడుగుల దూరం నుంచి 18 ఎంఎంకి 13 అడుగులు, 16కి 14.7, 12కి 19.6, 10కి 23.5.

ఈ అంకెల్లోనే సగం నిర్ణయం అయిపోయింది. 16 ఎంఎం ఎంత మంచి లెన్స్ అయినా కిట్ లెన్స్ మీద పెద్ద తేడా చూపించదు. 10 ఎంఎంతో తేడా బాగా కనిపిస్తుంది గానీ అంచుల్లో ఉన్న మనిషి మొహం సాగిపోతుంది. పెళ్లి స్టేజీ మీద వరసగా నిలబెట్టి తీస్తే చివర నిలబడ్డవాళ్లు ఫోటో చూసి సంతోషించరు. మొదటి వైడ్ లెన్స్‌గా 12 ఎంఎం సరైనది.

తక్కువ ధర అనగానే చాలామంది పాత ఫిల్మ్ లెన్స్‌ల వైపు వెళ్తారు. 50, 85 ఎంఎంలకి అది మంచి దారే, వైడ్‌కి మాత్రం కాదు. ఫిల్మ్ కాలపు 28 ఎంఎం, 1.5 క్రాప్ (ఫిల్మ్ కన్నా 1.5 రెట్లు చిన్న సెన్సర్) మీద 42 ఎంఎం లెన్స్‌లా చూపిస్తుంది. 24 కూడా 36 దగ్గరే ఆగిపోతుంది. రెండూ మీ కిట్ లెన్స్ కన్నా ఇరుకే. ఇక లెన్స్ ముందు బిగించే 0.45ఎక్స్ వైడ్ కన్వర్టర్ల జోలికి అసలు పోవద్దు, అంచులు మొత్తం అలికినట్టు వస్తాయి.

మాన్యువల్ లెన్స్‌కి ఆటోఫోకస్ ఉండదు, ఎలా అనే భయం వైడ్‌లో అంతగా అక్కర్లేదు. 12 ఎంఎంని ఎఫ్/8 దగ్గర (ఎపర్చర్, అంటే కాంతి వచ్చే రంధ్రం, చిన్నగా) పెట్టి ఫోకస్ 0.9 మీటర్ల మీద ఉంచితే, సుమారు 45 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా అంతా షార్ప్‌గానే ఉంటుంది. రింగుకి చిన్న టేపు ముక్క అంటించి పెట్టుకుంటే రోజంతా ముట్టుకోనక్కర్లేదు. ఎఫ్/2 దగ్గర మాత్రం ఫోకస్ ఉంచాల్సిన ఆ దూరం 3.6 మీటర్లు అవుతుంది కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఉన్నవాళ్లకి ఎంపిక సులువు. సామ్యాంగ్ 12 ఎంఎం ఎఫ్/2 (రోకినాన్ పేరుతో అమ్మేదీ అదే) సోనీ ఈ, ఫ్యూజీ ఎక్స్, కానన్ ఎం మౌంట్లకి (లెన్స్ బిగించే చోటు) దొరుకుతుంది. ముందు మామూలు 67 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. రాత్రి ఆకాశం తీసేవాళ్లు దీనికే డబ్బు పెట్టాలి: ఎఫ్/2 దగ్గర 15 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో నక్షత్రాలు పెద్దగా గీతలు కావు. ఆ పని లేకపోతే సెవెన్ ఆర్టిజాన్స్, మైకే కంపెనీల 12 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్‌లు చాలు. కొనేముందు లెన్స్ ముందు వైపు గాజు చూడండి. ఉబ్బెత్తుగా బయటికి వచ్చి ఉంటే మామూలు ఫిల్టర్ పెట్టలేరు, గీత పడితే నేరుగా గాజు మీదే. పేరులో ఫిష్‌ఐ అని ఉందేమో కూడా చూసుకోండి. ధర చూసి 7.5 ఎంఎం ఫిష్‌ఐ కొంటే గది గోడలన్నీ విల్లులా వంగి వస్తాయి.

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) వాళ్లకి మాట వేరు, పైన చెప్పిన 12 ఎంఎం లెన్స్‌లు వాటికి పట్టవు. వాళ్లకి సామ్యాంగ్ 10 ఎంఎం ఎఫ్/2.8, 14 ఎంఎం ఎఫ్/2.8 ఉన్నాయి. 14ది ఉబ్బెత్తు గాజు, పైగా ఫుల్ ఫ్రేముకి (ఫిల్మ్ సైజు పెద్ద సెన్సర్) చేసిన లెన్స్ కాబట్టి బరువు. ఆకాశం, వీడియో తీయకపోతే సెకండ్ హ్యాండ్ కానన్ 10-18 ఎస్టీఎం గానీ నికాన్ ఏఎఫ్-పీ 10-20 గానీ చూడండి, ఆటోఫోకస్ కూడా వస్తుంది. అయితే ఏఎఫ్-పీ లెన్స్ డీ90, డీ3000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయదు.

లెన్స్ తగిలించగానే షట్టర్ పడకపోతే లెన్స్ పాడైందనుకోకండి. కెమెరాతో మాట్లాడే ఎలక్ట్రానిక్ చిప్ లేని లెన్స్‌ని కెమెరా గుర్తించదు. సోనీ, కానన్ మిర్రర్‌లెస్ మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ విడుదలయ్యే ఆప్షన్, ఫ్యూజీలో ‘షూట్ వితౌట్ లెన్స్’ ఆన్ చేయాలి. బాడీలో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ 12 అని మీరే ఎక్కించాలి. లేదంటే అది తప్పుగా కదిలి ఫోటోని ఇంకా అలికేస్తుంది. నికాన్ డీ3000, డీ5000 వరసల్లో చిప్ లేని లెన్స్‌కి లైట్ మీటర్ పనిచేయదు, ఎం (మాన్యువల్) మోడ్‌లో హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫ్) చూస్తూ సరిచేసుకోవాలి. అందుకే నికాన్‌కి సామ్యాంగ్ కొంటే ఏఈ అని రాసి ఉన్నదే తీసుకోండి, అందులో చిప్ ఉంటుంది. కానన్ డీఎస్ఎల్ఆర్‌లో ఏవీ మోడ్ (షట్టర్ వేగం కెమెరాయే చూసుకునేది) నడుస్తుంది గానీ ఎఫ్/8కి తిప్పగానే వ్యూఫైండర్ చీకటి పడుతుంది. ముందు పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత తిప్పండి.

ఇక అసలు పని పరీక్ష. చవక లెన్స్‌లలో ఒకే మోడల్‌లోనూ ఒక పీసుకీ మరో పీసుకీ తేడా ఉంటుంది, కాబట్టి వాపసు గడువు ముగిసేలోపే ఇది చేయాలి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ని లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి ఫోకస్ చేయండి. రింగు మీద అనంతం గుర్తు కాస్త అటూ ఇటూ ఉండడం మామూలే, అసలు గీత ఎక్కడుందో మీరే గుర్తు పెట్టుకోండి. రింగు చివరిదాకా తిప్పినా టవర్ షార్ప్ కాకపోతే వెనక్కి పంపండి. తర్వాత ఫోకస్ కదపకుండా, ఎఫ్/2.8 దగ్గర అదే టవర్‌ని నాలుగు మూలల్లోకీ తెచ్చి నాలుగు ఫోటోలు తీయండి. నాలుగు మూలలూ సమానంగా మెత్తగా ఉంటే ఫర్వాలేదు, ఎఫ్/5.6 దాటాక సర్దుకుంటాయి. ఒక మూల షార్ప్‌గా, ఎదుటి మూల మసకగా ఉంటే గాజు పక్కకి జరిగిందన్నమాట. అది ఎఫ్/8లో కూడా పూర్తిగా పోదు. ఈ పరీక్షని ఇటుక గోడ ముందు చేయొద్దు: కెమెరా కాస్త వాలినా ఒక పక్క మసకవుతుంది, తప్పు లెన్స్ మీద పడుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఏమీ చేయవు. సాలెగూడులా అల్లుకున్న సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో సంచీలోనే ఏళ్లుగా పడి ఉన్న లెన్స్‌లకి ఇది మామూలు. ధర ఎంత తగ్గించినా వద్దు.

చిప్ లేకపోతే ఫోటోలో లెన్స్ పేరు నమోదు కాదు కాబట్టి లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటి ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వాటంతట అవి వంకర సరిచేయవు. జాబితాలోంచి లెన్స్ ప్రొఫైల్ మీరే ఎంచుకోవాలి. సామ్యాంగ్ 14కి ఇది తప్పనిసరి. దాని వంకర మీసం ఆకారంలో ఉంటుంది, మామూలు డిస్టార్షన్ స్లైడర్ ఒక్కటే జరిపితే నడిమి భాగం నిటారైనా అంచులు ఎదురు దిక్కుకి వంగుతాయి.