బీడీసీ స్కోప్ జీరో చేసే ముందు జాగ్రత్తలు

బీడీసీ స్కోప్ అంటే దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ ఎంత కిందికి పడుతుందో (డ్రాప్) చూపే గీతలున్న రైఫిల్ స్కోప్, జీరో చెయ్యడం అంటే గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా దాన్ని సరిచెయ్యడం. మ్యాగజైన్ తీసేసి, బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి, ఆ తర్వాతే స్కోప్ మీద చెయ్యి వెయ్యండి. కళ్ళద్దాలు, ఇయర్ మఫ్స్ తప్పనిసరి.

స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు వదులుగా ఉంటే స్కోప్ నాబ్‌లు ఎంత తిప్పినా జీరో నిలవదు.

అసలు విషయం జూమ్. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ (జూమ్ మార్చినా గీతల సైజు మారని రకం) అయితే కింది గీతలు కంపెనీ చెప్పిన ఒక్క జూమ్ దగ్గరే కరెక్ట్, చాలావాటికి అది ఫుల్ జూమ్, తగ్గించారంటే 300 గజాల గీత 300కి పనికిరాదు, మాన్యువల్ చదవండి ప్లీజ్.

రేపు వాడబోయే బుల్లెట్లతోనే చెయ్యండి, బరువు మారితే డ్రాప్ మారిపోద్ది.

ముందు 25 గజాలు, తర్వాత 100. నాబ్ ఒక్కో క్లిక్ పావు ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో 60వ వంతు) అయితే, గుండు తగిలే చోటు 100 దగ్గర అంగుళం జరగడానికి సుమారు 4 క్లిక్కులు, 25 దగ్గర 16. ఒక్క షాట్ చూసి తిప్పెయ్యొద్దు, మూడు కాల్చి వాటి మధ్యన చూడండి.

ఎవరైనా టార్గెట్ దగ్గరికి నడిస్తే బోల్ట్ తెరిచి, రైఫిల్ బెంచీ మీద పెట్టి దూరం జరగండి.