అంతర్జాతీయ ఆర్థిక వార్తలు చదవడం – 4వ పాఠం: కుర్చీ ఎవరిది, ఓటు ఎంత?

గత పాఠంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కోటా గురించి తెలుసుకున్నాం. కోటా అంటే ప్రతి సభ్యదేశం తన ఆర్థిక పరిమాణాన్ని బట్టి ఐఎంఎఫ్‌కు ఇచ్చే చందా వాటా. ఐఎంఎఫ్‌లో సభ్యదేశం ఓటు బలం ప్రధానంగా కోటాను బట్టే ఉంటుంది. ఈసారి ఆ లెక్కతో ఒక వార్తను చదువుదాం.

2024 నవంబరు 1న ఐఎంఎఫ్ కార్యనిర్వాహక బోర్డులో 25వ కుర్చీ, అంటే 25వ డైరెక్టర్ స్థానం, చేరింది. అది సబ్‌సహారా (సహారా ఎడారికి దక్షిణాన ఉన్న) ఆఫ్రికాది, ఆ ప్రాంతానికి మూడోది. అంతకుముందు నలభైకి పైగా దేశాల తరఫున ఇద్దరు డైరెక్టర్లే మాట్లాడేవారు. ఒక్కొక్క దేశం రుణం గురించి లోతుగా చదివి వాదించే తీరిక ఇప్పుడు కాస్తయినా దొరుకుతుంది. ఇది చిన్న విషయం కాదు.

మరి ఓట్లు? 2023 డిసెంబరులో ముగిసిన 16వ కోటాల సమీక్షలో అందరి కోటాలనూ ఒకే నిష్పత్తిలో 50 శాతం పెంచాలని నిర్ణయించారు. అందరికీ ఒకేలా పెరిగితే ఎవరి వాటా మారదు.

ఆఫ్రికా వాటా ఎంతో మీరే తేల్చండి. 2021 ఆగస్టులో ఐఎంఎఫ్ సభ్యదేశాలకు సుమారు 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు (అవసరమైతే డాలర్ల వంటి కరెన్సీలుగా మార్చుకోగల ఐఎంఎఫ్ నిల్వ ఆస్తి) పంచింది. పంపకం కోటాల ప్రకారమే. ఆఫ్రికాకు వచ్చినవి దాదాపు 3,300 కోట్లు. భాగించి చూడండి: 5 శాతం. కోటాల మార్పు వంటి పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి కాబట్టి అది ఒంటరిగా అడ్డుకోగలదు. ఆఫ్రికా ఖండమంతా ఏకమైనా అడ్డుకోలేదు. ఈ అన్యాయం చదివినప్పటికంటే పెన్సిల్ పట్టుకుని లెక్క వేసినప్పుడు బాగా తెలుస్తుంది.

ఇప్పుడు వేదిక మార్చండి. ఐక్యరాజ్యసమితిలో దేశానికి ఒక ఓటు. 193లో ఆఫ్రికావి 54, అంటే 28 శాతం. బహుళజాతి సంస్థల పన్ను నిబంధనలు చాలాకాలంగా పారిస్‌లోని సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీలోనే రూపుదిద్దుకున్నాయి. ఆ చర్చను ఐరాసకు తేవాలని 2023 నవంబరులో ఆఫ్రికా బృందం తరఫున నైజీరియా తీర్మానం పెట్టింది. అమెరికా, బ్రిటన్, జపాన్, ఐరోపా సమాఖ్య దేశాలు వద్దన్నా 125–48తో నెగ్గింది. భారత్ కూడా అనుకూలంగానే ఓటు వేసింది.

నెగ్గడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం ఏళ్ల పని. ఆ తీర్మానంతో ఐరాసలో మొదలైన పన్ను ఒప్పందంపై బేరసారాలకు 2027 వరకు గడువు పెట్టారు. జీ20లోనూ ఇదే కథ. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్‌కు జీ20 శాశ్వత సభ్యత్వం వచ్చింది. కానీ యూనియన్ అధ్యక్ష పదవి ఏటా చేతులు మారుతుంది: 2023లో కొమొరోస్, 2024లో మారిటేనియా, 2025లో అంగోలా. జీ20 కార్యబృందాలు ఏడాది పొడవునా పత్రాలు తయారుచేస్తూనే ఉంటాయి. వాటిని వదలకుండా వెంబడించే నిపుణుల బృందం యూనియన్ ప్రధాన కార్యాలయం ఉన్న ఆడిస్ అబాబాలో స్థిరంగా ఉండాలి. అందుకే ఇలాంటి వార్తల్లో నేను నాయకుల ఫొటో కంటే ముందు సిబ్బంది, నిధుల ప్రస్తావన వెతుకుతాను.

అభ్యాసం: ప్రపంచ వాణిజ్య సంస్థలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరుగుతాయి. అక్కడ ఒక చిన్న ఆఫ్రికా దేశం ‘వద్దు’ అంటే ఆ మాటకు ఎంత బలం? ఆ సంస్థ కార్యాలయం ఉన్న జెనీవాలో ఆ దేశానికి ఇద్దరే అధికారులుంటే, ఒకే పూట నాలుగు సమావేశాలు జరిగితే, ఆ బలంలో ఎంత మిగులుతుంది? జవాబు రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.