టెల్ అవీవ్‌లో బ్రంచ్‌కి వెళ్తే

టెల్ అవీవ్‌లో వీధి చివరి కేఫ్‌లో కూర్చుంటే మనిషికో ఇజ్రాయెలీ బ్రేక్‌ఫాస్ట్ చెప్పేయకండి. ఒకదాంట్లోనే గుడ్లు, సన్నగా తరిగిన కీరా-టమాటా సలాడ్, చిన్న చిన్న గిన్నెల్లో చీజ్‌లు, తాహిని (నువ్వుల పేస్టు), బ్రెడ్డు, జ్యూస్, కాఫీ దాకా వచ్చేస్తాయి. ఇద్దరికి అదొకటి, ఒక షక్షూకా చాలు. షక్షూకా పెనంతోనే తెస్తారు. గుడ్ల చుట్టూ టమాటా గ్రేవీ ఇంకా కుతకుతలాడుతుంటుంది. కారం చాలకపోతే (మనకి చాలదు) స్ఖుగ్ అడగండి. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి కలిపి నూరిన యెమెన్ యూదుల పచ్చడి అది. కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) చోట పాలూ మాంసమూ కలపరు, కాబట్టి చీజ్ ఉన్న మెనూలో చికెన్ వెతక్కండి. శుక్రవారమైతే పొద్దున్నే వెళ్లండి, ఆలస్యమైతే టేబుల్ దొరకడం కష్టం. శనివారం కోషర్ రెస్టారెంట్లు మూసి ఉంటాయి. టిప్పు మామూలుగా బిల్లులో కలపరు. 10 నుంచి 15 శాతం విడిగా ఇవ్వాలి.