తుఫాను రాకముందే ‘మొత్తం’ చూసుకోండి

అక్టోబరు దగ్గరపడితే ఉద్దానం రైతు ఆకాశం వైపు చూస్తాడు. శ్రీకాకుళంలో కూర్చుని పంటనష్టం లెక్కలకు ప్రోగ్రాములు రాసే నాలాంటివాళ్లం డేటా క్లాసులు, అంటే ప్రోగ్రాములో సమాచారాన్ని పట్టి ఉంచే అచ్చులు, చూసుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఇక్కడ అందరికీ తెలుసు. అలాంటి వారంలో కోడ్ దిద్దుకుందామంటే కుదరదు. ముందు కరెంటే ఉండదు.

నేను చేసిన తప్పు చెబుతాను. క్లాసులో చెట్ల సంఖ్య, చెట్టుకు రేటు, మొత్తం అని మూడు ప్రాపర్టీలు (విలువల గళ్లు). మొత్తమంటే మొదటి రెండింటి హెచ్చవేతే కదా అని దానికి విలువను చదివే గెట్ ఒక్కటే రాశాను, విలువను వేసే సెట్ రాయలేదు. 40 చెట్లు, రేటు 100 వేసి చూస్తే నా కంప్యూటర్‌లో 4,000 వచ్చింది. ఈ లెక్కలను నెట్ ద్వారా అందించే నా వెబ్ సర్వీసు వాడుతున్నవారు మర్నాడు ఫోను చేశారు: “చెట్లు ఉన్నాయి, డబ్బులు ఏవండీ?” మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ పాత వెబ్ సర్వీసుల్లో, సమాచారాన్ని ఎక్స్ఎంఎల్ అనే పాఠ్యరూపంలోకి మార్చి పంపే ఎక్స్ఎంఎల్ సీరియలైజర్, సెట్ లేని ప్రాపర్టీని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. జాబితాలకు మాత్రం మినహాయింపు ఉంది. సర్వీసు ఏమేం ఇస్తుందో చెప్పే వివరణ ఫైలు డబ్ల్యూఎస్‌డీఎల్‌లోనూ ఉండదు కనుక, దాన్ని చూసి తయారయ్యే అవతలి క్లాసులో ‘మొత్తం’ అనే పేరే పుట్టదు.

చాలామంది ఖాళీ సెట్ పెట్టి గట్టెక్కుతారు. పని జరుగుతుంది. కాకపోతే అవతలివారు అందులో ఏ అంకె వేసినా మన దగ్గరకు వచ్చి గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. ఇందులో రాయకూడదని గట్టిగా చెబుదామనుకుని ఆ సెట్‌లో ఎక్సెప్షన్ (పనిని ఆపేసే ఎర్రర్) మాత్రం విసరకండి. తిరిగి వచ్చిన ఎక్స్ఎంఎల్‌ను విప్పి మళ్లీ క్లాసులో నింపేటప్పుడు సీరియలైజర్ పిలిచేది ఆ సెట్‌నే. వచ్చిన రిక్వెస్టు అక్కడే విఫలమవుతుంది.

నా మటుకు డాట్‌నెట్‌లో తర్వాత వచ్చిన డబ్ల్యూసీఎఫ్ అనే సర్వీసు వ్యవస్థలోని డేటా కాంట్రాక్ట్ పద్ధతి నయం. సెట్ లేని మామూలు ప్రాపర్టీకి ‘దీన్ని పంపు’ అని చెప్పే డేటామెంబర్ గుర్తు తగిలిస్తే అది ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. సెట్‌ను ప్రైవేటుగా (క్లాసు బయటివారికి అందకుండా) ఉంచినా ఒప్పుకుంటుంది. ఒక్క చిక్కు: విప్పేటప్పుడు క్లాసు పుట్టేటప్పుడు నడిచే మన కన్‌స్ట్రక్టర్‌ను నడపదు. అక్కడ సృష్టిస్తామనుకున్న జాబితా, ఎక్స్ఎంఎల్‌లో రాకపోతే, నల్‌గా (ఏమీ లేకుండా) మిగిలిపోతుంది. ఆ పనిని, విప్పడానికి ముందు నడిచే ఆన్‌డీసీరియలైజింగ్ గుర్తు ఉన్న మెథడ్‌లోకి మార్చండి.

సెప్టెంబరులోనే ఒక పూట కూర్చుని ప్రతి క్లాసునూ ఎక్స్ఎంఎల్‌గా మార్చి, వచ్చినదాన్ని కళ్లతో చదవండి. మళ్లీ విప్పి అసలుతో పోల్చండి. సున్నాలు వేసి పరీక్షించకండి. రాని అంకె కూడా సున్నాగానే కనిపిస్తుంది.