నీటి పట్టీ కింద ప్రోటీన్ దాగిపోకుండా

ఉపరితలానికి అంటిన ప్రోటీన్‌ను ఇన్‌ఫ్రారెడ్‌తో కొలిచేటప్పుడు విసిగించేది నీరే. అమైడ్-1 పట్టీ (ప్రోటీన్ గొలుసులోని అమైడ్ బంధాలు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకునే చోట్లలో ఒకటి) 1650 సెం.మీ⁻¹ దగ్గర ఉంటే, నీటి పట్టీ 1640 దగ్గర దాని మీదే కూర్చుంటుంది.

ముందు ఏటీఆర్ స్ఫటికం (ఇన్‌ఫ్రారెడ్ కాంతి లోపల పరావర్తనం చెందుతూ, ఉపరితలానికి ఆనుకున్న పలుచని పొరను మాత్రమే చూసే స్ఫటికం) మీద ఉత్త బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం, ప్రోటీన్ లేకుండా) నింపి, అరగంట ఆగి, దాని కొలతనే నేపథ్యంగా, అంటే తర్వాతి కొలతల్లోంచి తీసేసేదిగా, తీసుకోండి. సెల్ (స్ఫటికం మీద ద్రావణం నిలిచే చిన్న గది) తెరవకుండా ప్రోటీన్ ద్రావణం పంపండి. గంట తర్వాత అదే బఫర్‌తో, సెల్ పరిమాణానికి పది రెట్లు పోసి కడిగాకే కొలవండి. లేకపోతే ద్రావణంలో తేలే ప్రోటీన్ కూడా లెక్కలో కలుస్తుంది. ఎంత ప్రోటీన్ అంటిందో లెక్కించడానికి నేను 1550 దగ్గరి అమైడ్-2 పట్టీనే నమ్ముతాను, అక్కడ నీటి జోక్యం చాలా తక్కువ.

భారజలం (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) వాడితే మాత్రం ఇది చెల్లదు. డ్యుటీరియం చేరేకొద్దీ ఆ పట్టీ 1450 వైపు జరిగిపోతుంది.