పాత అంబాసిడర్ మీటర్లు ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

మా ఇంట్లో 1974 అంబాసిడర్ ఉంది, నాన్నగారు కొన్న బండి. స్పీడోమీటర్ ముల్లు ఏళ్ళ తరబడి సున్నా దగ్గరే పడుకుని ఉండేది, పెట్రోల్ గేజ్ ఎప్పుడు చూసినా ట్యాంకు నిండా ఉన్నట్టే చూపించేది. అడిగిన ప్రతి మెకానిక్కూ ఒకటే మాట, "మీటర్ పోయిందండీ, కొత్తది తెచ్చి బిగించేద్దాం" అని. చివరికి కూర్చుని విప్పి చూస్తే స్పీడోమీటర్‌లో ఎండిపోయిన గ్రీజు తప్ప వేరే జబ్బేమీ లేదు. పెట్రోల్ గేజ్ అయితే అసలు బాగానే ఉంది, ట్యాంకు దగ్గర ఎర్త్ (కరెంటు బండి బాడీకి చేరే కనెక్షన్) తుప్పు పట్టింది. అప్పటినుంచి తెలిసినవాళ్ళ బళ్ళవి కూడా కొన్ని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: పాత మీటర్‌ని పారేయకండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లోనే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, ఇవాళ బజారులో దొరికే "కొత్త" మీటర్ చాలాసార్లు మీ బండి మోడల్‌ది కానే కాదు.

ముందు విప్పకుండా చూడాల్సినవి చూడండి. మీటర్ బోర్డు వెనక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయాలి, ముఖ్యంగా ఆంపియర్ మీటర్ ఉన్న బండికి. స్టార్టర్ తప్ప బండిలో కరెంటంతా దాదాపు ఆ ఒక్క మీటర్ గుండానే పోతుంది, స్పానర్ జారి బాడీకి తగిలితే వైరింగ్ కాలిపోతుంది. ఇంకో సంగతి, ఇంగ్లీషు డిజైన్ పాత బళ్ళలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. బ్యాటరీ ఏ కొన బాడీకి కలిపి ఉందో కళ్ళతో చూసి, కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని. ప్రతి వైరుకీ మాస్కింగ్ టేపు ముక్క అంటించి నంబరు వేయండి, ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. మళ్ళీ బిగించే రోజున ఏది ఎక్కడిదో గుర్తుంటుందని మాత్రం నమ్మకండి.

స్పీడోమీటర్ పనిచేయకపోతే మొదటి అనుమానం గేర్‌బాక్స్ నుంచి మీటర్‌ని తిప్పే కేబుల్ మీద పెట్టుకోవాలి. మీటర్ వెనక గుండ్రటి నట్ తిప్పితే కేబుల్ ఊడి వస్తుంది. ఒకరు బండిని నెమ్మదిగా నెడుతుంటే మీరు కేబుల్ కొసను చూడండి. లోపలి తీగ, అదే ఇన్నర్, తిరుగుతుంటే గేర్‌బాక్స్ దగ్గర అంతా బాగున్నట్టే, తప్పు మీటర్‌ది. తిరగకపోతే ఇన్నర్ తెగిందన్నమాట, లేదా గేర్‌బాక్స్ వైపు పళ్ళు అరిగాయి. ముల్లు పని చేస్తూనే 30 దగ్గరా 40 దగ్గరా వణుకుతుంటే ఇన్నర్ ఎండిపోయి ఉంటుంది, లేకపోతే ఎక్కడో మెలిక పడి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, కిరోసిన్‌లో కడిగి, బల్ల మీద పరిచి వేళ్ళతో దొర్లించండి. తిన్నగా ఉన్న ఇన్నర్ మెత్తగా దొర్లుతుంది, మెలిక ఉన్నది ఒక్కోచోట ఎగిరిపడుతుంది. ఎగిరితే దాన్ని సరిచేయాలని చూడొద్దు, మార్చేయడమే. బాగున్నదానికి పలచగా గ్రీజు రాయండి, కానీ మీటర్ వైపు పై జానెడు ముక్కకి మాత్రం ఏమీ రాయకండి. తిరిగేటప్పుడు గ్రీజు కేబుల్ వెంబడి పైకి పాకుతుంది, మీటర్‌లోకి చేరిందంటే అసలు కష్టం మొదలవుతుంది.

ఎందుకో అర్థం కావాలంటే లోపల ఏముందో తెలియాలి. కేబుల్ ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ, దాన్ని ఎక్కడా తాకకుండా, పలచటి అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో కరెంటు సుడులు పుట్టి అది కూడా వెంట తిరగాలని చూస్తుంది, గడియారంలో ఉండేలాంటి సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి లాగుడు సమానమైన చోట ముల్లు నిలబడుతుంది. ఇప్పుడు అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య ఉన్న ఆ వెంట్రుకవాసి సందులోకి గ్రీజు వెళ్ళిందనుకోండి, గిన్నెని అయస్కాంతమే నేరుగా ఈడ్చుకుపోతుంది. బండి 20లో ఉంటే ముల్లు 100 దాటిపోతుంది. ఇలా జరిగితే వెంటనే కేబుల్ ఊడదీసి నడపండి, లేకపోతే స్ప్రింగు చెడిపోతుంది.

ఇక విప్పడం. అద్దం చుట్టూ ఉన్న క్రోమ్ రింగు రెండు రకాలుగా ఉంటుంది. కొన్నిటికి వెనక చిన్న చిన్న నాలుకలుంటాయి, రింగుని కొంచెం తిప్పితే అవి డబ్బా మీద ఉన్న గాళ్ళకి ఎదురుగా వచ్చి ఊడిపోతుంది. రబ్బరు అతుక్కుపోయి తిరగకపోతే చుట్టూ రస్ట్ ఆయిల్ పలచగా వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి రెండు చేతులతో తిప్పండి. రెండో రకం అంచు మడిచి నొక్కేసినది. దీనికి మొద్దు స్క్రూ డ్రైవర్‌తో ఒక్కోచోట ఒక మిల్లీమీటర్ చొప్పున లేపుతూ చుట్టూ తిరగాలి, మూడు నాలుగు చుట్లు పడుతుంది. ఒకేచోట ఎక్కువ లేపితే క్రోమ్ పగులుతుంది. తొందర ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు.

ముల్లు తీయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఇది మర్చిపోతే మీటర్ ఇక జన్మలో సరిగ్గా చూపించదు. సున్నా దగ్గర ముల్లుని ఆపే చిన్న పిన్ను ఉంటుంది. చాలా మీటర్లలో ముల్లు అసలు విశ్రాంతి చోటు ఆ పిన్నుకంటే ఇంకా కిందికి ఉంటుంది, పిన్ను దాన్ని అడ్డుకుని పట్టుకుంటుంది. కాబట్టి పుల్లతో ముల్లుని మెల్లగా ఎత్తి పిన్ను దాటించి వదలండి. అది తనంతట తాను వెళ్ళి ఎక్కడ ఆగిందో డయల్ అంచున టేపు అంటించి పెన్సిల్‌తో గీత గీయండి, ఫొటో కూడా తీయండి. తిరిగి పెట్టేటప్పుడు ముల్లుని ఆ గీత మీదే నొక్కి, తర్వాత ఎత్తి పిన్నుకి ఇవతల పెట్టాలి. ముల్లు ఊడదీయడానికి రెండు టీ స్పూన్లు చాలు, డయల్ మీద మందపాటి కాగితం పరిచి అటొకటి ఇటొకటి పెట్టి సమానంగా లేపండి. ఒకవైపే ఎత్తితే ఇరుసు వంగుతుంది.

లోపల పాత గ్రీజు ఎండిన చింతపండు గుజ్జులా గట్టిపడి ఉంటుంది. కేబుల్ తగిలే ఇరుసు దగ్గరే ఎక్కువ పేరుకుంటుంది, నా మీటర్‌లో ఆ ఇరుసు వేళ్ళతో తిప్పినా కదల్లేదు. ఇయర్ బడ్ కొసకి కొంచెం పెట్రోల్ తడిచేసి, కొద్దికొద్దిగా, బడ్ నల్లబడిన ప్రతిసారీ మారుస్తూ తుడిచాను, నలభైకి పైగా అయ్యాయి. తర్వాత ఇరుసుకి గడియారాల నూనె ఒకే ఒక్క చుక్క, అది దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె, సూది మొన మీద నిలబడేంత. ఆ స్ప్రింగు జోలికి మాత్రం వెళ్ళొద్దు, తుడవొద్దు, నూనె వేయొద్దు, ఊదను కూడా ఊదొద్దు. కిలోమీటర్ల అంకెల చక్రాలు నీళ్ళ తడి బడ్‌తో తుడిస్తే చాలు. ఆ అంకె ఎంతుందో అంతే ఉంచండి, మార్చడం మోసం, పైగా బండి చరిత్ర అదే కదా.

బిగించే ముందు బల్ల మీదే పరీక్ష చేయొచ్చు. చాలా డయళ్ళ మీద కింది అంచున చిన్న అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది, కిలోమీటర్‌కి కేబుల్ ఎన్నిసార్లు తిరగాలో అది చెబుతుంది. మైళ్ళ డయల్ అయితే మైలుకి. అది 1000 అనుకుందాం. గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి ఒక కిలోమీటర్, అంటే నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 మీద నిలబడాలి. పాత ఇన్నర్ ముక్కని డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించి తిప్పండి, చుట్లు లెక్కపెట్టే చిన్న డిజిటల్ టాకోమీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నెమ్మదిగా మొదలుపెట్టండి, ముల్లు సున్నా పిన్నుని వెనక్కి నొక్కుతుంటే డ్రిల్ దిశ తప్పని అర్థం.

పెట్రోల్ గేజ్ సంగతి వేరు. స్టార్టింగ్ తాళం తిప్పగానే ముల్లు టక్కున లేచి, గతుకుల్లో ఊగుతుంటే అది కాయిల్ రకం. నాలుగైదు సెకన్లు తీసుకుని మెల్లగా ఎక్కితే వేడికి వంగే పట్టీ రకం. ఈ తేడా తెలియకుండా పరీక్ష చేస్తే తప్పుడు జవాబే వస్తుంది. కాయిల్ రకంలో ట్యాంకు వైరు ఊడితే నిండుగా చూపిస్తుంది, ఆ వైరుని బాడీకి తాకిస్తే ఖాళీ అంటుంది. పట్టీ రకంలో సరిగ్గా తలకిందులు. మాది కాయిల్ రకం, అందుకే ఎర్త్ పోయినా నిండుగా చూపించింది. పరీక్షకి వైరు తాకించేది గేజ్ వైపు నుంచే చేయండి, ట్యాంకు దగ్గర నిప్పురవ్వ రానివ్వద్దు, అదీ రెండు మూడు సెకన్లే.

పట్టీ రకం గేజ్‌లకి 12 వోల్టులు నేరుగా ఇవ్వరు, స్టెబిలైజర్ అనే చిన్న డబ్బీ సగటున 10 వోల్టులు ఇస్తుంది. పెట్రోలూ టెంపరేచరూ రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయంటే గేజ్‌లని వదిలేసి ఈ డబ్బీని పట్టుకోండి, ముందు దాని ఎర్త్ గీకి శుభ్రం చేయండి. పాత డబ్బీలో కరెంటు ఆగి ఆగి వస్తుంది కాబట్టి మల్టీమీటర్ అంకెలు ఊగిసలాడతాయి, అది జబ్బు కాదు. నిజంగా చెడిపోతే 10 వోల్టులు నిలకడగా ఇచ్చే 7810 అనే ఐసీని, రెండు చిన్న కెపాసిటర్లతో కలిపి, ఆ పాత డబ్బీలోనే కూర్చోబెట్టొచ్చు, పాజిటివ్ ఎర్త్ బండికైతే 7910. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఇక ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఇత్తడి ఫ్లోట్‌ని తీసి ఊపితే లోపల చప్పుడైతే అందులోకి పెట్రోల్ దూరింది. దాన్ని సోల్డర్ చేయాలని చూడకండి, లోపలి ఆవిరికి పేలుతుంది. కొత్తది వేయండి.

డయల్ దగ్గరికి వస్తే నా మనసు ఇంకా నొచ్చుకుంటుంది. టెంపరేచర్ గేజ్ డయల్‌ని ఒక షాపులో తిన్నర్‌తో తుడిచేశారు, యాభై ఏళ్ళ అక్షరాలు ఒక్క రుద్దుకి గుడ్డ మీదికి వచ్చేశాయి. ఆ అక్షరాలు పెయింట్‌తో అచ్చువేసినవి. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన ఇయర్ బడ్‌తో, అదీ ముందు కనిపించని అంచున చూసి, ఆ తర్వాతే మధ్యకి రండి. కొంచెం మరక మిగిలితే మిగలనివ్వండి. బండి 1970లకి ముందుదై, అంకెల మీద చీకట్లో మెరిసే పూత లాంటిది గోధుమరంగులోకి తిరిగి కనిపిస్తే దాన్ని గీకొద్దు, రుద్దొద్దు. ఆ కాలపు పూతల్లో కొన్నిటిలో రేడియం ఉండేది, మెరుపు పోయినా రేడియేషన్ పోదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం.

అక్షరాలు పూర్తిగా పోతేనే కొత్త డయల్ గురించి ఆలోచించండి. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా 1200 డీపీఐలో స్కాన్ చేయించండి, కొలత తేడా రాకూడదు. డీటీపీ తెలిసినవాళ్ళు దాన్ని తిరిగి గీసిస్తారు. అచ్చుకి పెద్ద ఊరు వెళ్ళక్కర్లేదు, పెళ్ళి శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగ్ చేసే షాపు చాలు. నా టెంపరేచర్ డయల్ అలాగే చేయించాను. రేకుని నున్నగా చేసి, మెరుపు లేని నలుపు స్ప్రే రెండు పలచటి పూతలు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి ఇచ్చాను, తెల్ల అక్షరాలు ఎంత సన్నగా వచ్చాయో పక్కనున్న పాత డయల్‌తో పోల్చినా తేడా తెలియలేదు. మెరిసే నలుపు మాత్రం వద్దు, ఎండలో అద్దంలా కొడుతుంది. ముల్లుకి రంగు వేయాలన్నా ఒక్క పలచటి పూతే, బరువెక్కితే ముల్లు తూకం తప్పుతుంది.

డబ్బా లోపలి గోడలకి తెల్ల పెయింట్ వేస్తే రాత్రి వెలుతురు బాగా పెరుగుతుంది, ఎక్కువ వాట్ల బల్బు అక్కర్లేదు. అద్దం పగిలితే ఫొటో ఫ్రేములు కట్టేవాళ్ళు 2 మిల్లీమీటర్ల అద్దం గుండ్రంగా కోసిస్తారు. ప్లాస్టిక్ అయితే 2000, తర్వాత 3000 వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, చివర బ్రాసోతో మెరుగు పెట్టండి. లోపల దేనికీ సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పడుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు, అది లోహాన్ని తింటుంది. పెయింట్ వాసన పూర్తిగా పోయాకే అద్దం మూయాలి, పాత రబ్బరు రింగు బదులు కొత్తది వేయాలి.

బిగించాక ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టించి 40లో ఒకసారి, 60లో ఒకసారి స్థిరంగా నడపండి. పక్కనున్నవాళ్ళని అంకెలు రాయమనండి. మా బండి 60 చూపించినప్పుడు ఫోన్ 56 అంది. ఆ చీటీ డాష్‌బోర్డు అరలో పెట్టాను. రెండు వారాలయ్యాక మీటర్ వెనక కేబుల్ నట్ ఒకసారి చేత్తో తిప్పి చూడండి, కొత్తగా బిగించినప్పుడు అది వదులవుతుంది.